మానిఫోల్డ్ మార్చే ముందు అది ఎందుకు పగిలిందో చూడండి

నమస్తే అండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది 2007 స్కార్పియో 2.6 సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్ ఇంజిన్), రెండు లక్షల ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే బానెట్ కింద టిక్ టిక్‌మని చప్పుడు వస్తోంది, పది నిమిషాలకు అదే తగ్గిపోతోంది. పిక్‌అప్ పడిపోయింది, ఘాట్ ఎక్కేటప్పుడు నల్ల పొగ కొడుతోంది. ఒక మెకానిక్ ట్యాపెట్ల (ఇంజిన్ వాల్వులను కదిపే ముక్కలు) చప్పుడు, పాత బండికి మామూలే అని పంపేశాడు. ఇంకొకాయన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ సిలిండర్ల నుంచి వచ్చే పొగను ఒకచోటికి చేర్చే గొట్టాల ముక్క) మూడో, నాలుగో సిలిండర్ల మధ్య పగిలిందని టార్చి వేసి చూపించాడు. వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందా, కొత్తది వేయాలా, ఇంటి దగ్గర మనమే మార్చుకోవచ్చా అని అడిగారు.

వెల్డింగ్ వద్దు. కొత్తది గానీ, బాగా పరీక్షించిన పాతది గానీ వేయండి. స్టడ్లన్నీ (మానిఫోల్డ్‌ని ఇంజిన్‌కి పట్టి ఉంచే మరల కడ్డీలు) సాఫీగా ఊడివస్తే చేతి పని తెలిసినవాళ్లు ఇంటి దగ్గర చేసుకోవచ్చు. అయితే ఈ మూడింటికన్నా ముఖ్యమైన ప్రశ్న మీరు అడగలేదు. అది ఎందుకు పగిలింది? అది తేలకుండా ఎంత మంచి మానిఫోల్డ్ వేసినా ఏడాది, ఏడాదిన్నరలో మళ్లీ అదే చోట పగులుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఎనిమిదేళ్లుగా డీజిల్ ఇంజిన్ల పని చేస్తున్నాను. ఈ ఒక్క విషయంలో జనం డబ్బు వృథా చేసుకోవడం చూసి చూసి మనసు కష్టమవుతుంది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఆ ముక్క పడే బాధ ఏమిటో చూడండి. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు టర్బో (పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పంపు) ఉన్న డీజిల్ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ గ్యాస్ ఏడు వందల డిగ్రీల దాకా పోతుంది. పాత ఆక్టేవియా 1.8 లాంటి పెట్రోల్ టర్బోలో తొమ్మిది వందలు దాటుతుంది. పెట్రోల్ టర్బో బండ్లలో ఈ పగుళ్లు ఇంకా ఎక్కువగా రావడానికి కారణం అదే. మానిఫోల్డ్ బీడుతో (పోత ఇనుముతో) పోసిన ముక్క. నలభై సెంటీమీటర్ల పొడవున్న బీడు ముక్క ఐదు వందల డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్ల పైనే సాగుతుంది. అది బిగించి ఉన్న హెడ్‌లో (సిలిండర్ల పైమూతలో) మాత్రం కూలెంట్ తిరుగుతూ ఉంటుంది కాబట్టి హెడ్ తొంభై, వంద డిగ్రీల దగ్గరే ఆగుతుంది, అర మిల్లీమీటరు అటూ ఇటూ మాత్రమే సాగుతుంది. అంటే బండి వేడెక్కిన ప్రతిసారీ మానిఫోల్డ్ హెడ్ మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా జరగాలి, చల్లారాక వెనక్కి రావాలి. దాని బోల్టు రంధ్రాలు స్టడ్ కంటే పెద్దవిగా పెట్టడం అందుకే. మధ్యలో లీకు రాకుండా పెట్టే గాస్కెట్ మీద అది కాస్త జారాలి. ఎక్కడైనా జారనివ్వకుండా పట్టుకుంటే ఆ బలమంతా ఇనుములోకే పోతుంది. అప్పుడు చివరి స్టడ్ అయినా విరుగుతుంది, రన్నర్ల (ఒక్కో సిలిండర్ నుంచి వచ్చే గొట్టాల) మధ్య పలచటి చోట నెర్రె అయినా పడుతుంది.

చప్పుడు వేడెక్కాక తగ్గడానికీ కారణం ఇదే. ఇనుము సాగి పగులు రెండు అంచులూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. చప్పుడు పోయింది కదా అని లీకు పోయిందనుకోకండి. లోడ్ పడగానే మళ్లీ తెరుచుకుంటుంది. టర్బోని తిప్పాల్సిన గ్యాస్ మధ్యలోనే బయటకు పోతే బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, తగ్గుతుంది. గాలి తక్కువై డీజిల్ సరిగ్గా కాలదు, నల్ల పొగ వస్తుంది. మీ ఘాట్ రోడ్డు సమస్య మొత్తం అక్కడే ఉంది.

ఇంకో మాట, ఇది పిక్‌అప్ కంటే ముఖ్యం. పగిలిన మానిఫోల్డ్ నుంచి వచ్చే పొగ బానెట్ కిందే తిరుగుతుంది, అక్కడి నుంచి గాలి తీసుకునే దారిలో క్యాబిన్‌లోకి వస్తుంది. రిపేర్ అయ్యేదాకా ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఏసీ వేసుకుని బండిలో నిద్రపోవద్దు. పిల్లల్ని అసలు పడుకోబెట్టవద్దు. పెట్రోల్ బండి అయితే మరీ ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తలనొప్పి మొదలయ్యాక తెలిసేలోపే ఆలస్యం అయిపోవచ్చు.

మీ రెండో మెకానిక్ చెప్పింది నిజమేనని ఖాయం చేసుకోండి. సీఆర్‌డీఈ ఇంజిన్‌లో ఇంజెక్టర్ కింది రాగి వాషర్ లీకైనా ఇలాంటి చప్పుడే వస్తుంది. అప్పుడు ఇంజెక్టర్ చుట్టూ తారులా నల్లటి గడ్డ కడుతుంది, చప్పుడు వేడెక్కాక పెద్దగా మారదు. మానిఫోల్డ్ అయితే రాత్రంతా చల్లారిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి, మీటరు పొడవు రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొస మానిఫోల్డ్ పొడవునా మెల్లగా జరపండి. లీకు దగ్గరికి రాగానే చప్పుడు చెవిలో కొట్టినట్టు వినిపిస్తుంది. ఫ్యాన్‌కీ బెల్టుకీ చెయ్యి, గొట్టం, చొక్కా చేతులు తగలకుండా చూసుకోండి. హీట్ షీల్డ్ తీస్తే లీకు ఉన్న చోట మసి విసనకర్ర ఆకారంలో పరుచుకుని ఉంటుంది. ఇంకా అనుమానం ఉంటే ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారాక, వాక్యూమ్ క్లీనర్‌ని ఊదే వైపు పెట్టి సైలెన్సర్ గొట్టంలోకి గాలి కొట్టించండి. మానిఫోల్డ్ మీద సబ్బు నీళ్లు చల్లండి. పగులు దగ్గర బుడగలు తేలతాయి. గాస్కెట్ లీకా, పగులా అనేది కూడా అక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు వెల్డింగ్ సంగతి. బీడు వెల్డింగ్ జరగదని నేను అనను. మంచి పనివాడు ముక్కను మొత్తం బాగా వేడి చేసి, నికెల్ రాడ్‌తో అంగుళం అంగుళం వేసి, ప్రతి అంగుళానికీ సుత్తితో మెల్లగా తట్టి, చివరికి బూడిదలోనో పొడి ఇసుకలోనో పూడ్చి రాత్రంతా చల్లారనిస్తాడు. పంపు బాడీకో, గేర్‌బాక్స్ కేసుకో అది జీవితాంతం ఉంటుంది. మానిఫోల్డ్ పరిస్థితి వేరు. వెల్డింగ్ పక్కన ఉన్న ఇనుము గట్టిపడి గాజులా పెళుసవుతుంది, అక్కడే రోజూ ఆరు వందల డిగ్రీల వేడి, చల్లదనం. నేను చూసినంతలో వెల్డింగ్ గీత నిలబడింది, దాని పక్కన అంగుళం దూరంలో కొత్త పగులు వచ్చింది. ఇత్తడి రాడ్‌తో గ్యాస్ వెల్డింగ్ చేస్తామంటే ఒప్పుకోవద్దు, ఆ వేడికి ఇత్తడి మెత్తబడిపోతుంది. పుట్టీలు, పేస్టులు ఒక వారం మాట. వీటన్నిటికంటే నా భయం వేరే ఉంది. వెల్డింగ్ ముద్ద గానీ, బీడు పెచ్చు గానీ లోపలికి ఊడితే తిన్నగా టర్బైన్ రెక్కల మీదికి పోతుంది. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే రెక్కలవి. మానిఫోల్డ్ దగ్గర మిగిల్చిన డబ్బుకు ఎన్నో రెట్లు టర్బో దగ్గర పోతుంది.

కొత్తది దొరక్కపోతే స్క్రాప్ నుంచి పాతది తెచ్చుకోవడంలో తప్పు లేదు. రెండు లక్షల కిలోమీటర్లు పగలకుండా నిలిచిన ముక్క అంటే ఒకరకంగా పరీక్ష పాసైన ముక్కే. కాకపోతే చూసి తీసుకోవాలి. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, అలాగే మానిఫోల్డ్‌ని ఒక తీగకు వేలాడదీసి చిన్న పానాతో తట్టండి. గంటలా ఖంగుమని మోగాలి. తప్పుమని చచ్చు చప్పుడు వస్తే ఎక్కడో పగులు ఉన్నట్టే. తర్వాత వైర్ బ్రష్‌తో బాగా రుద్ది, కిరోసిన్ పూసి, పది నిమిషాలు ఆగి, పొడిబట్టతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లండి. పగులులో దాగిన కిరోసిన్ మెల్లగా పైకి వచ్చి, తెల్లటి పొడి మీద తడి గీత గీసినట్టు కనపడుతుంది. వెంట్రుక అంత సన్నటి పగులైనా దొరుకుతుంది. రన్నర్లు కలిసే మూలల్లో, టర్బో ఫ్లాంజ్ (టర్బో బిగించే అంచు) చుట్టూ, స్టడ్ రంధ్రాల అంచుల్లో ముఖ్యంగా చూడండి.

అసలు విషయానికి వస్తున్నాను. కొన్నేళ్ల కిందట ఖమ్మం నుంచి ఒక పెద్దాయన పాత టర్బో డీజిల్ బండి తెచ్చారు. ఏడాదిన్నరలో రెండు మానిఫోల్డ్‌లు మార్పించారట, రెండూ కొత్తవే, రెండూ టర్బో ఫ్లాంజ్ మెడ దగ్గరే పగిలాయి. నాసిరకం సరుకు అని అందరూ అన్నారు, ఆయనా నమ్మారు. నేను బండి కిందికి వెళ్లి చూశాను. టర్బో నుంచి కిందికి దిగే గొట్టాన్ని గేర్‌బాక్స్‌కి కట్టిపట్టే బ్రాకెట్ ఉండాల్సిన చోట రెండు ఖాళీ రంధ్రాలున్నాయి. ఒకదాంట్లో సాలీడు గూడు పెట్టింది. ఎప్పుడో క్లచ్ పని చేసినవాళ్లు ఆ బ్రాకెట్ తీసి మళ్లీ బిగించలేదు. ముందు గొట్టం బరువంతా టర్బో మీద, టర్బో బరువంతా మానిఫోల్డ్ మెడ మీద పడుతోంది. పైగా ఒకవైపు ఇంజిన్ మౌంట్ రబ్బరు అణిగిపోయి, గేరు మార్చిన ప్రతిసారీ ఇంజిన్ ఊగుతోంది. గొట్టం మాత్రం ఊగదు. గోతుల రోడ్డు మీద ఆ మెడ ఎన్ని వేల దెబ్బలు తిని ఉంటుందో ఆలోచించండి. బ్రాకెట్ వెతికించి తెప్పించాం, మౌంట్లు మార్చాం, మూడో మానిఫోల్డ్ వేశాం. ఆరేళ్లయింది. మొన్న సంక్రాంతికి ముందు సర్వీసుకి వచ్చింది, అదే మానిఫోల్డ్ చెక్కుచెదరకుండా ఉంది.

అందుకని పానా పట్టుకునే ముందే ఇవి చూడండి. టర్బో కిందా, ముందు గొట్టానికీ ఉండాల్సిన బ్రాకెట్లు, వాటి బోల్టులు అన్నీ ఉన్నాయా. ఇంజిన్ మౌంట్లు ఎలా ఉన్నాయి. ఎవరినైనా క్లచ్ మీద కొంచెం కొంచెం లోడ్ ఇమ్మని, హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచి, పక్క నుంచి ఇంజిన్ ఎంత లేస్తోందో చూడండి, బండికి ఎదురుగా నిలబడవద్దు. సైలెన్సర్‌ని వేలాడదీసే రబ్బర్లు తెగాయా, ముందు గొట్టంలో వంగే జాలీ ముక్క ఉంటే అది ఇంకా వంగుతోందా, లేక ఎవరైనా దాన్ని తీసేసి నేరు గొట్టం వెల్డ్ చేశారా. ఈ చివరిది చాలా బండ్లలో చూస్తున్నాను. జాలీ ముక్క పోతే మామూలు గొట్టం పెట్టేస్తారు, చప్పుడు ఆగుతుంది, ఏడాదికి మానిఫోల్డ్ పగులుతుంది. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

పవర్ పెంచే చిప్పో, బాక్సో పెట్టించి ఉంటే అది తీసేయండి. ఎక్కువ డీజిల్ పోస్తే ఎగ్జాస్ట్ వేడి కూడా ఎక్కువే. హైవే మీద గంటసేపు లాగించి, ఎర్రగా కాలి ఉన్న మానిఫోల్డ్‌తో వాన నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లోకి దించడం కూడా బీడుకు పెద్ద దెబ్బ. అది మన చేతిలో ఉన్న పనే, నీళ్లు కనపడితే కొద్దిసేపు ఆగి నెమ్మదిగా దాటండి.

సామాను ముందే తెచ్చిపెట్టుకోండి, మధ్యలో బండి విప్పి పెట్టి షాపులు తిరగడం మంచిది కాదు. మానిఫోల్డ్‌తో పాటు హెడ్ గాస్కెట్ కాదు, మానిఫోల్డ్ గాస్కెట్ అని స్పష్టంగా అడగండి. టర్బో ఫ్లాంజ్ గాస్కెట్, కింద గొట్టం గాస్కెట్, ఈజీఆర్ గొట్టం (కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) ఉంటే దాని గాస్కెట్, టర్బో ఆయిల్ గొట్టం రాగి వాషర్లు, ఆయిల్ కిందికి దిగే గొట్టం గాస్కెట్, మొత్తం స్టడ్లు, నట్లు. పాత నట్లు మళ్లీ వాడకండి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టరు కూడా తెచ్చుకోండి.

పని ఆదివారం అనుకుంటే గురువారం నుంచే మొదలుపెట్టండి. రోజూ సాయంత్రం బండి ఆపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు ప్రతి స్టడ్‌కీ తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. మండే వేడిలో కొడితే ఆవిరైపోతుంది, నిప్పు అంటుకునే ప్రమాదం కూడా. మూడు రోజులు తాగిన నట్టుకీ, అప్పుడే కొట్టిన నట్టుకీ చాలా తేడా ఉంటుంది.

పని రోజు ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి. ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. కిందికి వెళ్లాల్సి వస్తే జాకీ ఒక్కదాన్ని నమ్మకండి, స్టాండ్లు పెట్టండి. ప్రతి గొట్టం, ప్రతి కనెక్టర్ తీసే ముందు ఫోన్‌లో ఫొటో తీసి, ముక్క టేపు అంటించి నంబర్ రాయండి. సన్నటి వాక్యూమ్ గొట్టాలు రెండు తారుమారైతే బండి స్టార్ట్ అవుతుంది గానీ బూస్ట్ రాదు, తప్పు ఎక్కడుందో వెతకడానికి ఒక రోజు పడుతుంది. డీజిల్ హై ప్రెషర్ పైపుల జోలికి అసలు పోవద్దు. ఇంజిన్ తిరిగేటప్పుడు వాటిలో వెయ్యి బార్‌ దాటిన ఒత్తిడి ఉంటుంది, మానిఫోల్డ్ పనికి వాటితో అవసరమూ లేదు.

టర్బో విప్పగానే అన్ని నోళ్లకూ శుభ్రమైన బట్ట కుక్కండి, బయటికి కనపడేలా పెద్ద గుడ్డ. చిన్న వాషరు లోపల పడినా టర్బో పోయినట్టే. సందు ఉంటే నేను టర్బోని మానిఫోల్డ్‌తో కలిపే బయటికి తీస్తాను. బల్ల మీద పెట్టుకుని విడదీయడం సుఖం, స్టడ్ విరిగినా అక్కడ విరుగుతుంది. టర్బోని యాక్చువేటర్ కడ్డీ (బూస్ట్‌ని అదుపు చేసేది) పట్టుకుని మాత్రం ఎత్తకండి, అది వంగితే బూస్ట్ లెక్క మొత్తం తప్పుతుంది.

నట్లు బయటి చివరల నుంచి మధ్యకు వస్తూ వదులు చేయండి. రాని నట్టుని గట్టిగా లాగకండి. ఇక్కడ తొందరపడితే మొత్తం పని రెండు రోజులు వెనక్కి పోతుంది. పావు చుట్టు వెనక్కి, కొంచెం ముందుకు, మళ్లీ వెనక్కి. కిర్రుమని చప్పుడు వస్తే ఆపి, స్ప్రే కొట్టి టీ తాగి రండి. అప్పటికీ రాకపోతే గ్యాస్ మంటతో నట్టుని వేడి చేయాలి, స్టడ్‌ని కాదు. నట్టు ఎర్రబడగానే మంట తీసి, కొవ్వొత్తి కొస దానికి తాకించండి. మైనం కరిగి చుక్క చుక్కగా మరల్లోకి పీల్చుకుపోతుంది. ఆ పొగ వాసన వస్తుండగానే పానా వేస్తే చాలాసార్లు వెన్నలా తిరుగుతుంది. మంట వాడేటప్పుడు డీజిల్ పైపులు, వైర్లు తడిబట్టతో, రేకుతో కప్పండి, పక్కన మంట ఆర్పే సిలిండరు పెట్టుకోండి. మంట పని అలవాటు లేకపోతే ఆ ఒక్క ముక్క కోసం పనివాణ్ని పిలవండి.

విరిగిన స్టడ్ గురించి నేను వయసులో ఉన్నప్పుడు చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకుండా. హెడ్ మట్టానికి విరిగిన స్టడ్‌కి రంధ్రం వేసి, ఎక్స్‌ట్రాక్టర్ (విరిగిన స్టడ్‌ని తిప్పి బయటికి తీసే పనిముట్టు) దింపి, బలంగా తిప్పాను. ఎక్స్‌ట్రాక్టర్ లోపలే విరిగింది. అది చాలా గట్టి ఉక్కు, మామూలు డ్రిల్లు బిట్టు దాన్ని కోయలేదు. హెడ్ విప్పి మెషిన్ షాపుకి పంపాల్సి వచ్చింది. ఆ బండి యజమాని వారం రోజులు బస్సులో తిరిగారు, ఆ బాధ నాకు ఇప్పటికీ గుర్తు. అప్పటి నుంచి పద్ధతి మార్చాను. కొంచెం మొన బయటికి ఉంటే దాని మీద కొత్త నట్టు పెట్టి, లోపల వెల్డింగ్ చేసి, చల్లారాక ముందుకూ వెనక్కీ ఊపుతూ తీస్తాను. వెల్డింగ్ వేడికే తుప్పు సగం విడిపోతుంది. వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ రెండు వైర్లూ, ఇంజిన్ కంప్యూటర్ కనెక్టరూ తీసేయాలి. మట్టంగా విరిగితే పాత మానిఫోల్డే పనికొస్తుంది. దాన్ని మిగతా స్టడ్ల మీద తిరిగి బిగించి, విరిగిన దాని రంధ్రంలోకి సరిగ్గా పట్టే ఇనుప బుష్‌ని లేత్ మీద చేయించి పెడితే, డ్రిల్లు పక్కకు పోకుండా నడిమధ్యలోకే దిగుతుంది. మరలు పాడైతే హెలీకాయిల్ (కొత్త మరలుగా పనిచేసే తీగ చుట్ట) వేయించండి. కొన్ని ఇంజిన్లలో స్టడ్ రంధ్రాలు నీళ్ల దారిలోకి తెరుచుకుంటాయి, స్టడ్ తీయగానే కూలెంట్ కారితే కొత్త స్టడ్ మరలకు సీలెంట్ పూయాలి.

పాత గాస్కెట్ తీసేటప్పుడు దాన్ని పారేయకండి, ముందు చదవండి. అన్ని పోర్టుల (హెడ్‌లో పొగ బయటికి వచ్చే రంధ్రాల) చుట్టూ ఒకే రంగు ఉంటే మానిఫోల్డ్ సమంగా కూర్చున్నట్టు. ఒక చివర నల్లగా మసి పట్టి, మరో చివర మెరుస్తుంటే అది వంకరపోయి ఉంది, లేదా ఎవరో ఒకవైపే ఎక్కువ బిగించారు. హెడ్ ముఖాన్ని గీకుడు బ్లేడుతో, చేత్తో శుభ్రం చేయండి. గ్రైండర్‌కి ఎమరీ డిస్క్ పెట్టి రుద్దేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. ఆ గరుకు పొడి పోర్టుల్లో పడి ఇంజిన్ స్టార్ట్ కాగానే టర్బో రెక్కల మీదికే పోతుంది.

కొత్త మానిఫోల్డ్ కదా అని నేరుగా పెట్టేయకండి. ముఖం మీద నేరైన ఉక్కు స్కేలు నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) దూర్చి చూడండి. పదో వంతు మిల్లీమీటరు రేకు దూరితే ఆలోచించాలి, పదిలో రెండు వంతుల రేకు దూరితే మెషిన్ షాపులో ముఖం చదును చేయించాలి. మీ పాతదాన్ని కూడా కొలవండి. అర మిల్లీమీటరు వంకర కనపడితే అది ఎంత బాధపడిందో మీకే అర్థమవుతుంది.

టర్బో చేతిలో ఉన్నప్పుడే దాన్నీ చూడండి. ఇరుసుని వేళ్లతో పట్టి పక్కకు కదిపితే కొద్దిగా కదలడం మామూలే, నడిచేటప్పుడు ఆ సందులో ఆయిల్ నిలుస్తుంది. ముందుకూ వెనక్కీ లాగితే కదలిక తెలియకూడదు. రెక్కల కొసలు గోడకు రాసుకున్న గీతలుంటే టర్బో పని కూడా ఇప్పుడే చేయించండి. వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగను పక్కకు వదిలే తలుపు) ఉన్న టర్బో అయితే ఆ తలుపు చుట్టూ సన్నటి నెర్రెలు పాత బండ్లలో చాలావరకు ఉంటాయి, వాటిని చూసి భయపడకండి. ముక్క ఊడేలా ఉన్నా, నెర్రె బయటి గోడ దాకా వచ్చినా హౌసింగ్ మార్చాలి. ఆయిల్ వచ్చే సన్న గొట్టం లోపల మాడిన ఆయిల్ పేరుకుని ఉంటే కడగడం మానేసి మార్చేయండి, టర్బో ప్రాణం ఆ గొట్టంలోనే ఉంటుంది.

బిగింపు. గాస్కెట్ పొడిగా పెట్టాలి. ఎర్ర సిలికాన్ పూయకండి, అది ఈ వేడికి నిలవదు, కాలి ముక్కలై టర్బోలోకి పోతుంది. మరలకు ఎక్కువ వేడిని తట్టే యాంటీసీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) కొద్దిగా రాయండి, రేపు ఇంకెవరైనా విప్పాల్సి వస్తే మిమ్మల్ని తలచుకుంటారు. నట్లు ముందు చేత్తో అన్నీ కూర్చోబెట్టి, మధ్య నుంచి బయటికి వెళ్తూ మూడు విడతల్లో టార్క్ రెంచ్‌తో బిగించండి. ఎం8 స్టడ్‌కి సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, ఎం10కి 40 దగ్గర్లో ఉంటుంది. మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకె చూసి అదే పాటించండి. పానాకి పైపు తొడిగి లాగితే లీకు రాదనుకుంటారు. అలా చేస్తే ఇందాక చెప్పిన ఆ ఒకటిన్నర మిల్లీమీటర్ల జరుగుడికి చోటు లేకుండా పోతుంది. పగుళ్లలో సగం అక్కడే పుడతాయని నా అనుభవం.

బ్రాకెట్లు చివర్లో, ఇలా బిగించండి. మానిఫోల్డ్, టర్బో, కింద గొట్టం, బ్రాకెట్లు అన్నీ వదులుగా పెట్టి, గొట్టం ఏ వైపూ లాగకుండా తనంతట తాను కూర్చున్నాక బిగింపు మొదలుపెట్టాలి. ముందు మానిఫోల్డ్, తర్వాత టర్బో, తర్వాత గొట్టం, ఆఖరున బ్రాకెట్. బ్రాకెట్ రంధ్రం కలవకపోతే సబ్బలితో గుంజి బోల్టు దూర్చకండి. అలా చేస్తే ఆ గుంజుడు బరువు ఎప్పటికీ మానిఫోల్డ్ మీదే ఉంటుంది. ఎందుకు కలవలేదో చూడండి. చాలాసార్లు మౌంట్ అణిగిపోవడమే కారణం.

స్టార్ట్ చేసే ముందు టర్బోకి ఆయిల్ అందాలి. ఆయిల్ వచ్చే రంధ్రంలో శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ కొంచెం పోసి రెక్కను వేలితో తిప్పండి, తర్వాత గొట్టం బిగించండి. క్రాంక్ సెన్సర్ కనెక్టర్ తీసి, ఇంజిన్ అంటుకోకుండా పది సెకన్ల చొప్పున రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ ప్రెషర్ లైట్ ఆరాక కనెక్టర్ పెట్టి స్టార్ట్ చేయండి. మొదటి పావుగంట పొగ, కమురు వాసన వస్తాయి, మీరు కొట్టిన స్ప్రేలు కాలుతున్నాయి, కంగారుపడకండి. యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లోనే ఉంచి ఆయిల్, కూలెంట్ జాయింట్లు టార్చి వేసి చూడండి. కూలెంట్ దించి ఉంటే గాలి పూర్తిగా పోయేదాకా ఉష్ణోగ్రత ముల్లు మీద కన్నేసి ఉంచండి.

మరుసటి రోజు పొద్దున్నే చల్లటి ఇంజిన్ మొదటి నిమిషం చప్పుడు వినండి. అదే అసలు పరీక్ష. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక, చల్లగా ఉన్నప్పుడు నట్లు ఒకసారి టార్క్ రెంచ్‌తో సరిచూడండి, ఎక్కువ బిగించడం కాదు, ఏదైనా వదులయిందా అని మాత్రమే. కొన్ని రకాల గాస్కెట్లకు మళ్లీ బిగించవద్దని కంపెనీయే చెబుతుంది, అది మాన్యువల్ చూసి చేయండి.

స్టడ్లు కలిసొస్తే ఇద్దరు మనుషులకు ఒక రోజు పని. ఒక స్టడ్ విరిగితే రెండు రోజులు అనుకోండి. సోమవారం ఆఫీసుకి ఆ బండే కావాలంటే ఇంటి దగ్గర మొదలుపెట్టకండి, మంచి మెకానిక్‌కి ఇచ్చి, బ్రాకెట్లు, మౌంట్లు, ఆయిల్ గొట్టం చూడమని మీరు పక్కనుండి చెప్పండి.

ఇంకా ఏమీ విప్పకముందు మూడు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. టర్బో కింద ముందు గొట్టాన్ని పట్టుకునే బ్రాకెట్, రెండు వైపులా ఇంజిన్ మౌంట్లు, ముందు గొట్టంలోని జాలీ ముక్క. అవి చూస్తే మీ మానిఫోల్డ్‌ని లాగుతున్నది ఏదో చాలావరకు చెప్పగలను.